లేబుల్ లేని సిరంజి

పోయిన నెల మా మత్తు విభాగంలో పీజీ చేస్తున్న అమ్మాయి ఒకరు తన థీసిస్ మాస్టర్ చార్ట్, అంటే పేషెంట్లందరి అంకెలూ ఒకచోట రాసిన పట్టిక, తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. అరవై మంది పేషెంట్లు, రెండు గ్రూపులు. గొంతులో ట్యూబు వేయకముందు, వేసిన వెంటనే, ఆ తర్వాత 1, 3, 5, 10 నిమిషాలకు పల్సు, బీపీ. సంతకం పెట్టేముందు కాలమ్ వెంట వేలు పెట్టుకుని కిందికి చూసుకుంటూ పోవడం నాకు అలవాటు. ఐదో నిమిషం పల్సు దగ్గర వేలు ఆగిపోయింది. 78, 80, 82, 80, 84, 78, 80, 82. పేజీ తిప్పాను, అక్కడా అంతే. అరవై మందిలో ఒక్కరికి కూడా బేసి సంఖ్య లేదు. పక్కనే మొదటి నిమిషం కాలమ్‌లో 71 ఉంది, 118 ఉంది, 97 ఉంది.

"ఇవి మానిటర్ మీద చూసి రాసినవేనా అమ్మా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. "కొన్ని చూసి రాసినవే మేడమ్. ఐదో నిమిషానికి ట్యూబు ఫిక్స్ చేయాలి, రెండువైపులా గాలి వెళ్తోందా చూడాలి, అప్పుడే పొజిషన్ ఇవ్వమంటారు. రాయడం కుదరదు. కేసు అయ్యాక గుర్తున్నంతవరకు వేశాను."

ఆ అమ్మాయిని తిట్టడానికి నోరు రాలేదు. పీజీలో ఉన్నప్పుడు నేనూ అదే పని చేశాను. ఆ సాయంత్రం నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. మనుషుల మీద మందును పరీక్షించే ఏ క్లినికల్ ట్రయల్ అయినా అచ్చు కావాలంటే, పేర్లు తీసేసి ఒక్కో పేషెంటు అంకెలన్నీ జర్నల్ చేతిలో పెట్టాల్సిందే. పెట్టలేని పేపర్ ఎవరు రాసినా సరే, మేము థియేటర్లో లేబుల్ లేని సిరంజిని ఏం చేస్తామో దాన్నీ అదే చేయాలి.

మేం ఏం చేస్తామంటే, పారేస్తాం. సిరంజిలో నీళ్ళలా కనిపించే ద్రవం ఉంటే అది మిడజోలమ్ కావచ్చు, ఫెంటనిల్ కావచ్చు, మెలకువగా ఉన్న మనిషి ఊపిరి కండరాలను నిమిషంలో పడుకోబెట్టే సక్సినైల్‌కోలిన్ కావచ్చు. అందుకే రంగురంగుల లేబుళ్ళు. నిద్రపుచ్చే మందులకు పసుపు, కండరాలను సడలించేవాటికి ఎరుపు, మార్ఫిన్ లాంటి నొప్పి మందులకు (ఓపియాయిడ్లకు) నీలం, బీపీ పెంచేవాటికి ఊదా. లేబుల్ ఊడిపోయిందంటే ఎంత సీనియర్ లోడ్ చేసి పెట్టినా, "అది నేనే చేశాను, నాకు తెలుసు" అని ఆయనే చెప్పినా, చెత్తబుట్టలోకే. ఇందులో ఎవరికీ అవమానం లేదు. పేపర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, సగటు ఇంత, అటూ ఇటూ ఇంత అని ఒక్క టేబుల్ చూపిస్తే చాలు, మర్నాడు పొద్దున డోసు మార్చేసుకుంటాం.

మా శాఖలోనే ఎందుకు

వైద్యంలో దొంగ పరిశోధనల చరిత్ర చదివితే మొదట ఎదురయ్యే పేర్లలో మత్తు డాక్టర్లవే ఎక్కువ. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది.

అమెరికాలో స్కాట్ రూబెన్. సెలికాక్సిబ్ లాంటి నొప్పి మందులను కలిపి వాడితే ఆపరేషన్ తర్వాత నొప్పి ఎంత తగ్గుతుందో చెప్పే పేపర్లు వరసగా రాశాడు. 2009లో వాటిలో 21 కల్పితమని తేలింది. 2010లో కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్ళాడు. జర్మనీలో యోఆకిం బోల్ట్. 2009లో వచ్చిన ఒక పేపర్‌లో అంకెల మధ్య తేడాలు ఉండాల్సినదానికన్నా మరీ తక్కువగా ఉన్నాయని పాఠకులు ఎడిటర్‌కు రాశారు. విచారిస్తే అలాంటి అధ్యయనం జరిగిన ఆనవాలే దొరకలేదు. ఆ తర్వాత ఆయన పేపర్లు వందకు పైగా వెనక్కి తీసుకున్నారు. జపాన్‌లో యోషిటాకా ఫుజీ. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆపే గ్రానిసెట్రాన్ మీద ఎక్కువగా రాశాడు. 2012లో అక్కడి మత్తు డాక్టర్ల సంఘం ఆయన పేపర్లు 212 తిరగేసింది. 172 పేపర్లలో కల్పిత డేటా ఉంది. నిజమని నిర్ధారించగలిగినవి 3.

మూడే మూడు!

ఫుజీ విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ 172 కాదు. 2000లోనే ముగ్గురు జర్మన్ డాక్టర్లు ఒక జర్నల్‌కు ఉత్తరం రాశారు. ఈయన పేపర్లలో తలనొప్పి వచ్చినవాళ్ళ సంఖ్య గ్రూపు గ్రూపుకూ ఒకేలా ఉంటోంది, ఇంత చక్కటి డేటా ఎలా సాధ్యం అని. ఆ ఉత్తరం అచ్చయింది, ఆయన జవాబూ అచ్చయింది, అంతటితో సరి. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆయన పేపర్లు వస్తూనే ఉన్నాయి, మేం చదువుతూనే ఉన్నాం. అప్పుడే ఎవరో ఒకరు "ఏదీ, ఆ పేషెంట్ల షీట్ పంపండి" అని అడిగి ఉంటే?

పట్టుబడిన తీరు చూడండి. రూబెన్ దొరికింది ఆయన రాసిన రెండు అధ్యయనాల సారాంశాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి లేదని ఆసుపత్రి మామూలు తనిఖీలో తేలడం వల్ల. బోల్ట్ దొరికింది కొందరు పాఠకుల కంటికి ఒక టేబుల్ తేడాగా కనిపించడం వల్ల. డేటా అడిగి చూసే పద్ధతి అంటూ అప్పట్లో లేదు. అదృష్టం కలిసొచ్చి దొరికారు. అదృష్టం కలిసిరానివి ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే నిద్ర పట్టదు.

ఆ బ్యాగు పిండింది నేనే

"వాంతుల మందు మీద ఎవరో అబద్ధం రాస్తే ఇప్పుడు కొంపలేం మునిగాయి?" అని నా స్నేహితురాలు అడిగింది. ఆమె కూడా మత్తు డాక్టరే. ఫుజీ విషయంలో ఆమె మాట కొంతవరకు ఒప్పుకుంటాను. గ్రానిసెట్రాన్ అనుకున్నంత గొప్పగా పనిచేయకపోతే పేషెంటు ఇంకోసారి వాంతి చేసుకుంటాడు. బోల్ట్ సంగతి అలా కాదు.

ఆయన ఎక్కువగా రాసింది హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ గురించి. రక్తం పోయినప్పుడు, బీపీ పడిపోయినప్పుడు రక్తనాళాలు నింపడానికి ఎక్కించే ద్రవం. మేం ఉత్త "స్టార్చ్" అనేవాళ్ళం. అది మంచిదని పుస్తకాల్లో ఉండేది, కాన్ఫరెన్సుల్లో చెప్పేవాళ్ళు. నేను ఏళ్ళ తరబడి వాడాను. సంచిని నొక్కే ప్రెషర్ బ్యాగు దొరకనప్పుడు ఆ స్టార్చ్ సంచిని రెండు చేతులతో పట్టుకుని పిండేదాన్ని. వేళ్ళు నొప్పి పుట్టేవి. కళ్ళెదుటే బీపీ 70 నుంచి 95కు లేచేది. అలా లేచినప్పుడు కలిగే నిశ్చింత ఎలా ఉంటుందో థియేటర్లో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది. మందు పనిచేసిందని నమ్మడానికి ఇంకేం కావాలి? కిడ్నీలు దెబ్బతింటే అది ఆ గంటలో కనపడదు. రెండో రోజో నాలుగో రోజో ఐసీయూలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరుగుతుంది. అప్పటికి నేను ఇంకో కేసులో ఉంటాను.

2012లో సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్లు 798 మంది మీద స్కాండినేవియా దేశాల్లో చేసిన ట్రయల్ వచ్చింది. 90 రోజులకు స్టార్చ్ తీసుకున్నవాళ్ళలో 51 శాతం మంది, తీసుకోనివాళ్ళలో 43 శాతం మంది చనిపోయారు. అదే ఏడాది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 7,000 మంది ఐసీయూ పేషెంట్ల మీద చేసినదాంట్లో మరణాల్లో తేడా తేలలేదు గానీ, కిడ్నీలకు డయాలిసిస్ లాంటి సాయం అవసరమైనవాళ్ళు స్టార్చ్ వైపే ఎక్కువ. 2013లో కొందరు పాత, కొత్త ట్రయల్స్ 38 కలిపి లెక్క కట్టారు. అన్నీ కలిపితే స్టార్చ్ వల్ల మరణాలు ఎక్కువో కాదో తేల్చిచెప్పలేనట్టు వచ్చింది. బోల్ట్ రాసిన 7 తీసేసి మళ్ళీ చూశారు. మరణాలూ ఎక్కువే, కిడ్నీ వైఫల్యమూ ఎక్కువే అని తేలింది.

ఈ ఒక్క లెక్క నా వాదనకు సగం బలం. మిగతా 31 ట్రయల్స్ ఒక ప్రమాదాన్ని చూపిస్తుంటే, ఒక్క మనిషి పేపర్లు ఏడు దాని మీద ముసుగు కప్పగలిగాయి. 2022లో యూరప్‌లో స్టార్చ్ అమ్మకాలకు అనుమతి నిలిపేశారు.

ఇక్కడ ఒక సందేహం నాకే ఉంది. ఆ పెద్ద ట్రయల్స్ ఐసీయూ పేషెంట్ల మీద చేసినవి. నేను పిండిన సంచులు ఎక్కువగా థియేటర్లో, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు. వాళ్ళలో ఎవరికైనా నా వల్ల హాని జరిగిందా అంటే చెప్పలేను. జరగలేదని కూడా చెప్పలేను. ఎవరి మొహమూ గుర్తుచేసుకుని క్షమాపణ అడగడానికి లేదు. తప్పుడు మందు ఎక్కిస్తే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాస్తాం, మీటింగ్ పెడతాం, పేషెంటు ఇంట్లోవాళ్ళకు చెబుతాం. తప్పుడు పేపర్ నమ్మి ఎక్కించినదానికి ఏ ఫారమూ లేదు.

అంకెలు చదివిన మనిషి

ఫుజీ కథ ముగించినవాళ్ళలో ముఖ్యుడు జాన్ కార్లైల్. ఇంగ్లండ్‌లో టోర్బే ఆసుపత్రిలో మత్తు డాక్టర్. వాంతుల మందుల మీద ఆయన అంతకుముందు రాసిన పెద్ద సమీక్షలో ఫుజీ పేపర్లు కూడా చేరి ఉన్నాయి. అంటే మోసపోయినవాళ్ళలో ఆయనా ఒకడు. 2012లో ఫుజీ ట్రయల్స్ 168 తీసుకుని, ఫలితాలు వదిలేసి, ఎవరూ చూడని మొదటి టేబుల్ చూశాడు. వయసు, ఎత్తు, బరువు. చీటీలు తీసి మనుషుల్ని రెండు గ్రూపులు చేస్తే సగటు వయసులో ఒకసారి ఏడాది తేడా వస్తుంది, ఒకసారి నాలుగేళ్ళు వస్తుంది. ప్రతిసారీ రెండు గ్రూపులూ అచ్చు గుద్దినట్టు ఉండటం జరగదు. ఫుజీ పేపర్లలో ప్రతిసారీ అలాగే ఉంది. కట్టుకథ రాసేవాడు ఎక్కువ తేడా వస్తే అనుమానిస్తారని భయపడతాడు. తేడా లేకపోయినా అనుమానం వస్తుందని తోచదు. మా అమ్మాయి సరి సంఖ్యలు గుర్తొచ్చాయి నాకు.

తర్వాత కార్లైల్ ఎడిటర్‌గా ఉన్న జర్నల్‌కు 2017 నుంచి 2020 మార్చి దాకా వచ్చిన ట్రయల్స్ 526 పరిశీలించాడు. 373 ట్రయల్స్‌కు మామూలు టేబుళ్ళు మాత్రమే ఉన్నాయి. వాటిలో 6 చోట్ల, అంటే 2 శాతం, తప్పుడు డేటా పట్టుకోగలిగాడు. 153 ట్రయల్స్‌కు ఒక్కో పేషెంటు షీట్ దొరికింది. వాటిలో 67 చోట్ల, 44 శాతం. ఎక్సెల్‌లో వరసలకు వరసలు కాపీ చేసి కింద అతికించినవి, ఒకే అంకెల గుంపు మళ్ళీ మళ్ళీ వచ్చినవి.

ఈ 44 శాతం పట్టుకుని "సగం పరిశోధన దొంగది" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆ 153 లాటరీ తీసి ఎంచినవి కావు. అనుమానం వచ్చి అడిగినవి ఉన్నాయి, కొన్ని దేశాల నుంచి వస్తే తప్పనిసరిగా అడిగినవి ఉన్నాయి. కాబట్టి మొత్తంలో ఎంత అన్నది దీన్నిబట్టి లెక్కగట్టకూడదు. నాకు ముఖ్యమైనది వేరే ఉంది. షీట్ లేకుండా చూస్తే అదే అనుభవజ్ఞుడైన కన్ను దాదాపు ఏమీ కనిపెట్టలేకపోయింది. పేపర్ చదివి మంచిచెడ్డలు తేల్చగలమన్న మా నమ్మకం ఎంత బలహీనమో దీంతో తెలుస్తోంది.

ఎదురుచెప్పేవాళ్ళ మాట

మా డిపార్ట్‌మెంట్‌లో దీని మీద చాలాసార్లు వాదన జరిగింది. అందరి అభ్యంతరాలూ కొట్టిపారేసేవి కావు.

పేషెంట్ల గోప్యత అన్నారు. పేరు, నంబరు, తేదీ తీసేస్తే సరిపోతుందని నేననుకునేదాన్ని. ఒక కొలీగ్ అడిగాడు, "చిన్న ఆసుపత్రిలో అరుదైన ఆపరేషన్, 82 ఏళ్ళ ఆడమనిషి అంటే ఊళ్ళో అందరికీ ఎవరో తెలియదా?" నిజమే. అందుకే అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టమని నేను పట్టుబట్టడం లేదు. జర్నల్‌లో లెక్కలు తెలిసిన ఇద్దరి కళ్ళ ముందు పెడితే చాలు.

అమాయకులు బలవుతారన్నారు. ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కార్లైల్ 2017లో ఎనిమిది జర్నల్స్‌లోని 5,087 ట్రయల్స్‌ను జల్లెడ పట్టాడు. అందులో తేడాగా తేలినవాటిలో స్పెయిన్‌లో ఆహారం, గుండెజబ్బుల మీద చేసిన పేరున్న ట్రయల్ ఒకటి. చేసినవాళ్ళు తమ డేటా తామే మళ్ళీ తవ్వితే, కొన్నిచోట్ల ఇంట్లోవాళ్ళందరినీ ఒకే గ్రూపులో వేశారని బయటపడింది. మోసం కాదు, పొరపాటు. 2018లో పేపర్ వెనక్కి తీసుకుని, దిద్ది, మళ్ళీ అచ్చువేశారు. వాళ్ళ దగ్గర అసలు షీట్లు భద్రంగా ఉన్నాయి కాబట్టే తాము దొంగలం కాదని చూపించుకోగలిగారు. నిజాయితీ ఉన్నవాళ్ళకు డేటా శత్రువు కాదు, సాక్షి.

తప్పుగా ఆలోచించడం వేరు, అంకెలు దాచడం వేరు. ఈ రెంటికీ తేడా చెప్పడానికి నాకెప్పుడూ హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ గుర్తొస్తుంది. ఆనాటి మత్తుమందు క్లోరోఫాం ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి 1889లో హైదరాబాద్‌లోని బ్రిటిష్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదల మీద, నిజాం డబ్బుతో రెండో కమిషన్ వేశారు. లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెను నేరుగా ఆపదు అని తేల్చారు. అది తప్పు. గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. కానీ కమిషన్‌వాళ్ళు తమ బీపీ గ్రాఫులు కూడా రిపోర్టులో అచ్చువేశారు. వాళ్ళ నిర్ధారణ ఎక్కడ నిలబడదో 1893లో గ్యాస్కెల్, షోర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు విమర్శిస్తూ రాశారు. గ్రాఫులు గీసింది పొగపట్టిన కాగితం మీద సూదితో, ఆ కాలంలో. ఈ రోజు ఒక ఎక్సెల్ ఫైల్ పంపడానికి మేం ఎందుకు వెనకాడుతున్నామో నాకు అర్థం కాదు.

ఇంకో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. షీట్లు అడుగుతారని తెలిస్తే దొంగలు షీట్లు కూడా తయారుచేస్తారు. సహజంగా కనిపించే అంకెలు పుట్టించడం కంప్యూటర్‌కు ఇప్పుడు ఎంత పని? మానిటర్ నుంచి నేరుగా, టైముతో సహా వచ్చే రికార్డు జతచేయమనడం ఒక దారి. చేత్తో రాసిన అనస్థీషియా చార్టులను యంత్రం రికార్డుతో పోల్చినప్పుడు, చేతిరాతలో బీపీ ఎగుడుదిగుళ్ళు నున్నగా అయిపోతాయని చాలాకాలం కిందే గమనించారు. ఎవరో దురుద్దేశంతో చేసేది కాదు అది. 190కి లేచి దిగిన బీపీని "పేషెంటు కదిలాడేమో" అనుకుని 150 అని రాస్తాం. అందరం చేస్తాం. కానీ అలాంటి మానిటర్లు, వాటిని కలిపే నెట్‌వర్క్ అన్ని ఆసుపత్రుల్లో లేవు. ఆ షరతు పెడితే డబ్బున్న ఆసుపత్రుల పరిశోధనే మిగులుతుంది. దీనికి నాకింకా దారి దొరకలేదు.

ఒకటి మాత్రం రేపటి నుంచే చేయొచ్చు. మత్తు ఇచ్చే మనిషి, అంకెలు రాసే మనిషి వేరువేరుగా ఉండాలి. ట్యూబు వేసిన ఐదో నిమిషంలో ప్రొఫార్మా (ఒక్కో పేషెంటు అంకెలు రాసే ఫారం) నింపుతున్న పీజీ పేషెంటును చూడటం లేదు. పేషెంటును చూస్తున్న పీజీ ప్రొఫార్మా నింపడం లేదు. రెండూ చేయమంటే, మంచి పిల్లలు పేషెంటునే చూస్తారు, ప్రొఫార్మా రాత్రికి నింపుకుంటారు. ఆ అమ్మాయి చేసింది అదే. పేషెంటు దగ్గర ఆమె తప్పు చేయలేదు. ఆమెను ఆ ఇరకాటంలో పెట్టినవాళ్ళం మేమే. ఇప్పుడు మా యూనిట్‌లో థీసిస్ కేసు ఉంటే రెండో పీజీ రాయడానికే నిలబడాలని పెట్టాను. డ్యూటీలు సర్దడం కష్టంగానే ఉంది. సణుగుతున్నారు.

మాస్టర్ చార్ట్

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. పాత ప్రొఫార్మాలన్నీ ముందేసుకుని కూర్చుందట. థియేటర్లో రాసినవి ఏవో, తర్వాత వేసినవి ఏవో పెన్ను సిరాను బట్టి తనకు తెలిసిపోయింది. తర్వాత వేసినవన్నీ కొట్టేసింది. ఐదో నిమిషం కాలమ్‌లో 37 గడులు ఖాళీ. రెండు గ్రూపుల మధ్య ముందు కనిపించిన తేడా ఇప్పుడు లేదు.

"ఎగ్జామినర్ అడిగితే ఏం చెప్పను మేడమ్?"

"ఆ టైముకి పేషెంటును చూసుకుంటున్నాను, రాయలేదు అని చెప్పు."

సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. ఆమె వెళ్ళాక బీరువా తెరిచి నా థీసిస్ తీశాను. చివర నలభై పేషెంట్ల మాస్టర్ చార్ట్, నా చేతిరాతే, మొదటి నుంచి చివరిదాకా ఒకే నీలం సిరా, ఒక్క గడి ఖాళీ లేదు. ప్రొఫార్మాలు హాస్టల్ ఖాళీ చేసినప్పుడే పోయాయి. కాలమ్ వెంట వేలు పెట్టుకుని కిందికి చూసుకుంటూ పోయాను. ఏ అంకె మానిటర్ మీద చూసి రాసిందో, ఏది ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని వేసిందో నాకే తెలియలేదు.